‘ఆఫ్ చెయ్యి’ నుంచి ‘టర్న్ ఇట్ ఆఫ్’ దాకా

ఇంగ్లీషులో రెండు ముక్కల క్రియలు వేలల్లో ఉన్నాయి. ముందు ముక్క అందరికీ తెలిసిన చిన్న క్రియ: టేక్, పుట్, టర్న్, గెట్, బ్రింగ్. వెనక ముక్క అంతకన్నా చిన్నది: ఆఫ్, ఆన్, అప్, అవుట్. రెండూ కలిస్తే వచ్చే అర్థం చాలాసార్లు విడివిడిగా దేనిలోనూ దొరకదు. వీటికే ఫ్రేజల్ వెర్బ్స్ అని పేరు. వాటిలో కొన్నింటికి ఇంకో గుణం కూడా ఉంది: కర్మ వచ్చి ఆ రెండు ముక్కల మధ్య కూర్చుంటుంది. ‘టర్న్ ఆఫ్ ద లైట్’ అనవచ్చు, ‘టర్న్ ద లైట్ ఆఫ్’ అనీ అనవచ్చు. లైటు పోయి ‘ఇట్’ వచ్చిందా, ఇక ఎంచుకునే వీలు లేదు. ‘టర్న్ ఇట్ ఆఫ్’ అనే తీరాలి. అన్నీ ఇలా విడిపోతాయా అంటే అదీ కాదు. ‘లుక్ ఆఫ్టర్ హిమ్’లో ‘హిమ్’ చివరే ఉండాలి.

హైదరాబాద్‌లోని నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ పేటల్లో తరాల తరబడి ఎంతోమంది కష్టపడి ఇంగ్లీషు నేర్చుకున్నారు. సంపాదకీయాలు చదివి అర్థం చేసుకోగల వాళ్లు, ప్రెసీలు పొల్లు పోకుండా రాయగల వాళ్లు కూడా ఈ చిన్న క్రియల దగ్గర తడబడటం చూస్తూనే ఉన్నాం. ఇందులో వాళ్ల లోపం ఏమీ లేదని నా నమ్మకం. ఇంగ్లీషు మనదాకా నడిచి వచ్చిన దారులే వీటిని పక్కన పెట్టేస్తూ వచ్చాయి.

పరాయివాళ్లకు ఇవి కొరుకుడుపడవని ఇంగ్లీషువాళ్లు ఏనాడో గుర్తించారు. శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువు ముందుమాటలోనే ఆ మాట ఒప్పుకుని, అలాంటి కలయికలను ప్రత్యేకంగా పోగుచేసి చేర్చాడు. పేరు మాత్రం చాలా ఆలస్యంగా స్థిరపడింది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ సూచించగా, లోగన్ పియర్సాల్ స్మిత్ 1925లో తన ‘వర్డ్స్ అండ్ ఇడియమ్స్’ పుస్తకంలో ‘ఫ్రేజల్ వెర్బ్’ అని వాడాడు. పేరైనా లేనిదానికి పాఠం ఎక్కడి నుంచి వస్తుంది? మన తాతలు చదువుకున్న బళ్లలో ఇవి ఒక పాఠంగా లేకపోవడంలో వింత లేదు.

ఇక్కడ మనవైపు జరిగిన ఒక సంగతి చెప్పుకోవాలి. 1906–07 ప్రాంతంలో ఉత్తర సర్కారు జిల్లాల్లో స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఏ. యేట్స్, విశాఖపట్నం ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్ భాషను మాటల ద్వారా నేర్పాలనే డైరెక్ట్ మెథడ్‌ను గట్టిగా సమర్థించారు. ఏ భాషనైనా నోటి నుంచే మొదలుపెట్టాలన్నది దాని సారం. ఆ చర్చ పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తిని కదిలించింది. జనం మాట్లాడే తెలుగుకు, బడిలో నేర్పే తెలుగుకు మధ్య ఇంత అగాధమెందుకన్న ప్రశ్న అక్కడి నుంచే ఊపందుకుంది. వ్యావహారిక భాషోద్యమం అలా రాజుకుంది. నన్ను ఎప్పుడూ తొలిచే విషయం ఏమంటే, ఇంగ్లీషు బోధన గురించి మొదలైన ఆ ఆలోచన వల్ల బాగుపడింది తెలుగు. ఇంగ్లీషు తరగతి మాత్రం పాత పద్ధతిలోనే, పాఠం చదివి తెలుగు అర్థం చెప్పుకునే పద్ధతిలోనే, చాలాచోట్ల మిగిలిపోయింది. గిడుగువారు తెలుగుకు అడిగిన న్యాయాన్నే ఇంగ్లీషుకు అడిగి ఉంటే ముందు వరసలో నిలబడేవి ఈ రెండు ముక్కల క్రియలే. ఇంగ్లీషువాడి ఇంట్లో, వీధిలో నలిగే మాటలు ఇవే. ‘ఎక్స్‌టింగ్విష్’, ‘పోస్ట్‌పోన్’, ‘టాలరేట్’ లాంటివి అతని గ్రాంథికం.

హైదరాబాద్ సంస్థానం కథ వేరు. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనా భాష ఉర్దూ. ఇంగ్లీషు తప్పనిసరి పాఠ్యాంశమే అయినా మిగతా శాస్త్రాలన్నీ ఉర్దూలో నడిచేవి. 1928లో మాడపాటి హనుమంతరావు ప్రభృతులు తెలుగు ఆడపిల్లల కోసం పెట్టిన పాఠశాల తర్వాత నారాయణగూడకు చేరింది. సంస్థానంలో తెలుగు మాధ్యమానికే చోటు వెతుక్కోవాల్సిన రోజులవి. ఇంగ్లీషు నోట్లో నానే చోటు హుస్సేన్ సాగర్‌కు అవతల ఉండేది: సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో, లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాల మధ్య. సాగర్‌కు ఇవతలి పేటలకు అందింది పుస్తకంలో ఇంగ్లీషు, ఆ తర్వాత ఫైల్లో ఇంగ్లీషు.

1948 తర్వాత ఉస్మానియాలో బోధన ఇంగ్లీషులోకి మళ్లింది. 1956లో నగరం ఆంధ్రప్రదేశ్ రాజధాని అయ్యాక సచివాలయం, డైరెక్టరేట్ల కొలువులు పెరిగాయి. ఉద్యోగుల కుటుంబాలు చిక్కడపల్లి, అశోక్‌నగర్ చుట్టుపక్కల చేరాయి. గుమాస్తాగిరీ ఇంగ్లీషుకు తనదైన వ్యాకరణం ఉంది. అందులో మనుషులు ఉండరు, పనులు మాత్రం చేయబడతాయి. ఆ భాషలోనూ ఒక రెండు ముక్కల క్రియ బతికి బట్టకట్టింది: ‘పుట్ అప్’, అంటే పై అధికారి ముందుంచడం. “నోట్ పుటప్ చేశావా?”, “ఫైల్ ఇంకా పుటప్ కాలేదండీ” అనే మాటలు ఈనాటికీ ఆఫీసుల్లో వినపడతాయి. ఈ ‘పుటప్’ను గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

పుస్తకాల సంగతికొస్తే, 1930ల మధ్య వచ్చిన రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం ఇప్పటికీ ఈ పేటల్లో పవిత్ర గ్రంథం. దానివల్ల మేలు పొందినవాళ్లు లక్షల్లో ఉంటారు. అయితే దానిలో ఇలాంటి క్రియలు జాతీయాల గుంపులో, అర్థాల పట్టీగా వస్తాయి. పదక్రమాన్ని ప్రధానంగా పట్టించుకున్నవాడు ఏ.ఎస్. హార్న్‌బీ. జపాన్‌లో ఇంగ్లీషు చెప్పిన ఆ మాస్టారు ఇద్దరు సహచరులతో కలిసి తయారుచేసిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు దాన్ని ప్రపంచమంతటికీ అందించారు. ఒక క్రియకు అర్థం చెప్పి ఊరుకోకుండా, దాని తర్వాత ఏది ఎక్కడ రావాలో నమూనాలు గీసి చూపించాడాయన. పరాయి భాష నేర్చుకునేవాడికి అర్థం కంటే క్రమం కష్టమని తరగతి గదిలో నిలబడి తెలుసుకున్న మనిషి చేసిన పని అది. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కూర్చుని చదువుకునే పిల్లలకు నేను చెప్పదలిచింది ఒక్కటే: ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీ తెరిచినప్పుడు అర్థం దగ్గర ఆగిపోవద్దు. ఉదాహరణ వాక్యంలో కర్మ ఎక్కడ కూర్చుందో చూడండి.

1958లో ఇదే నగరంలో, ఉస్మానియా ప్రాంగణంలో, సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ వెలిసింది. దేశమంతటికీ ఇంగ్లీషు టీచర్లను తీర్చిదిద్దడం దాని పని. తర్వాత అది సీఫెల్ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్) అయింది, 2007లో ఇఫ్లూ (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) పేరుతో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. అశోక్‌నగర్ నుంచి సిటీ బస్సెక్కితే కాసేపట్లో చేరుకునే దూరం. ఆ సంస్థ మొదలైన కాలంలో చెలామణిలో ఉన్న స్ట్రక్చరల్ పద్ధతిలో వాక్య నమూనాలను చేతలతో నేర్పించేవారు. టీచరు టోపీ పెట్టుకుంటూ ‘ఐ పుట్ ఇట్ ఆన్’ అనాలి, తీస్తూ ‘ఐ టేక్ ఇట్ ఆఫ్’ అనాలి. ఇలాంటి క్రియలను నేర్పడానికి ఇంతకన్నా మంచి దారి నాకు కనపడదు. ఆ సంస్థకే చెందిన ఆర్.కె. బన్సల్ 1969లో భారతీయుల ఇంగ్లీషు ఎంతవరకు ఇతరులకు అర్థమవుతుందో పరిశోధించి పుస్తకం ప్రచురించారు. ఊనిక గురించి అప్పుడు మొదలైన పట్టింపు మన విషయానికి నేరుగా సంబంధించింది. ‘టేక్ ఇట్ ఆఫ్’లో బరువు ‘ఆఫ్’ మీద పడుతుంది. ‘లుక్ ఎట్ ఇట్’లో ‘ఎట్’ మీద పడదు. విడిపోయే క్రియను, విడిపోనిదాన్ని చెవితోనే చాలావరకు గుర్తుపట్టవచ్చు. బాధేమంటే, ఆ జ్ఞానం పక్క పేటల్లోని తెలుగు మీడియం హైస్కూళ్ల దాకా సరిగ్గా దిగలేదు. నలభై యాభై మంది పిల్లలున్న గదిలో, పబ్లిక్ పరీక్షలో మాట్లాడటానికి మార్కులే లేని రోజుల్లో, టోపీ పెట్టుకుని తీసి చూపించే తీరిక ఏ టీచరుకుంటుంది?

1970ల చివర దోమలగూడ రామకృష్ణ మఠంలో వివేకానంద భాషా సంస్థ మొదలైంది. అశోక్‌నగర్ నుంచి నడిచి వెళ్లేంత దూరం. ఉద్యోగులు, గృహిణులు, డిగ్రీ పిల్లలు కలిసి ఒకే బెంచీ మీద కూర్చుని నోరు తెరిచి ఇంగ్లీషు మాట్లాడే చోటు అలా దొరికింది. ఇంటి దగ్గర నేర్చుకునేవాళ్లకు ముప్ఫై రోజుల్లో ఇంగ్లీషు నేర్పుతామనే పుస్తకాలు, కపిల్ దేవ్ ప్రకటనలతో ఇంటింటికీ తెలిసిన రాపిడెక్స్ ఉండేవి. 2000ల్లో ఈనాడు ప్రతిభ పేజీలో ఎం. సురేశన్ స్పోకెన్ ఇంగ్లీష్ శీర్షిక వచ్చేది. సంభాషణ రాసి, అందులోని వాడుకను తెలుగులో విప్పి చెప్పడం ఆయన పద్ధతి. ఆ కాగితం ముక్కలు కత్తిరించి ఫైళ్లు కట్టుకున్న ఇళ్లు ఎన్నో. కోచింగ్ సెంటరుకు ఫీజు కట్టలేని జిల్లాల పిల్లలకు అదే క్లాసు రూమైంది. తెలుగు పత్రికలు చేసిన మంచి పనుల్లో దాన్ని నేను ముందు లెక్కేస్తాను.

ఇప్పుడు ‘పుటప్’ దగ్గరికి వస్తాను. తెలుగు ఈ రెండు ముక్కల క్రియలను ఎప్పుడో తనలో కలిపేసుకుంది, తన పద్ధతిలో. ఒక్కోసారి మొదటి ముక్కను వదిలేసి రెండోదాన్నే తీసుకుంది: ‘లైట్ ఆఫ్ చెయ్యి’, ‘మోటార్ ఆన్ చెయ్యి’. ఒక్కోసారి రెంటినీ అతికించి ఒకే మాట చేసింది: పికప్, సెటప్, చెకప్, బ్యాకప్, టేకాఫ్, లాగిన్. పోటీ పరీక్షల అభ్యర్థులుండే అశోక్‌నగర్ హాస్టళ్లలో పొద్దస్తమానం వినిపించే ‘కటాఫ్’ కూడా ఇదే కోవ. పక్కన ‘చెయ్యి’ చేర్చితే తెలుగు క్రియ సిద్ధం. అలా అతుక్కున్న మాట తిరిగి ఇంగ్లీషులోకి వెళ్లేటప్పుడు ఆ అతుకు ఎవరికీ కనపడదు. ‘వాణ్ని పికప్ చెయ్యి’ అని రోజూ అనే నోరు ‘పికప్ హిమ్’ అనే అంటుంది. ‘పిక్ హిమ్ అప్’ అనడానికి ‘పికప్’ను మధ్యలో తెరవాలని దానికి తట్టదు. దీనికి తోడు ఇంకో కారణం ఉంది. తెలుగులో కర్మను ఇట్టే వదిలేస్తాం. ఫ్యాను తిరుగుతుంటే ‘ఆపెయ్యి’ అంటాం, ‘దాన్ని’ అక్కర్లేదు. ఇంగ్లీషులో ‘ఇట్’ ఉండాల్సిన చోటే మనకు ఖాళీ. ఖాళీగా ఉన్నదాన్ని మధ్యలో పెట్టమంటే ఎలా వస్తుంది?

ఈ తడబాటు మన ఒక్కరిదే కాదు. స్పానిష్ మాట్లాడేవాళ్ల ఇబ్బంది మనకు దగ్గరి చుట్టం. వాళ్లకు దీపం ఆర్పడానికి ‘అపగార్’ అనే ఒకే ముక్క క్రియ ఉంది. ‘దాన్ని ఆర్పు’ అనాలంటే ‘అపాగలో’ అని సర్వనామాన్ని క్రియ చివర అంటిస్తారు, మధ్యలో కాదు. ‘పరిగెత్తుకుంటూ లోపలికొచ్చాడు’ అని మనం రెండు క్రియలతో చెప్పే సంగతిని వాళ్లూ దాదాపు అలాగే చెబుతారు. ఇంగ్లీషువాడు ‘రాన్ ఇన్’ అని తేల్చేస్తాడు. పైగా లాటిన్ మూలం ఉన్న ఇంగ్లీషు మాటలు స్పానిష్ వాళ్లకు తమ మాటల్లాగే కనపడతాయి కాబట్టి ‘పుట్ ఆఫ్’ను తప్పించుకుని ‘పోస్ట్‌పోన్’ వైపు పోవడం వాళ్లకు సులువు. తప్పించుకోవడం అనే ఈ అలవాటును 1985లో డాగుట్, లాఫర్ హీబ్రూ మాతృభాషగా ఉన్న విద్యార్థుల్లో పరిశీలించి రాశారు. మనకు లాటిన్ చుట్టరికం లేదు. అయినా ఫైళ్లు, పాఠ్యపుస్తకాలు ఆ మాటలనే ముందు నేర్పాయి కాబట్టి మనమూ అటే పోయాం. ‘బ్రింగ్ ఇట్ ఫార్వర్డ్’ అనాల్సిన చోట భారతీయులు ‘ప్రీపోన్’ అనే మాటనే వాడుకలోకి తెచ్చుకున్నారు. నాకు ఆ మాట ఇష్టం. అది మన వాడుకలో నిలబడిన మాట. కానీ దాని వెనక ఈ చరిత్ర ఉంది.

పోటీ పరీక్షలు ఈ క్రియలకు కొత్త గిరాకీ తెచ్చాయి, పాత పద్ధతిలోనే. సివిల్స్‌లో ఇంగ్లీషు 300 మార్కుల అర్హత పేపరు, గ్రూప్-1 మెయిన్స్‌లో 150 మార్కుల అర్హత పేపరు. బ్యాంకు, ఎస్ఎస్‌సీ పరీక్షల్లో ఖాళీలు పూరించడం, తప్పులు పట్టడం. అందుకని అశోక్‌నగర్ జిరాక్స్ షాపుల్లో దొరికే మెటీరియల్‌లో ఫ్రేజల్ వెర్బ్స్ పొడుగాటి పట్టికలుగా ఉంటాయి, అక్షర క్రమంలో, ఎదురుగా ఒక్కో తెలుగు అర్థంతో. వాటిని బట్టీ పట్టే పిల్లల పట్టుదల చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఆ శ్రమను ఇంతకన్నా మంచి దారిలో పెట్టవచ్చని తెలిసినందుకే బాధ.

ఆ మంచి దారి ఏదో పరిశోధనలు చూపించాయి. 1989లో కోబిల్డ్ నిఘంటువుల వాళ్లు, కంప్యూటర్లో పోగేసిన నిజమైన వాడుక ఆధారంగా, ఫ్రేజల్ వెర్బ్స్‌కు ప్రత్యేక నిఘంటువు తెచ్చారు. 2007లో గార్డ్‌నర్, డేవిస్ అనే ఇద్దరు పరిశోధకులు పది కోట్ల మాటల బ్రిటిష్ నేషనల్ కార్పస్‌ను జల్లెడ పట్టారు. 20 క్రియలు, 8 చిన్న ముక్కలు కలిస్తే వచ్చే కలయికలే ఫ్రేజల్ వెర్బ్స్ మొత్తం వాడుకలో సగానికి పైగా ఉన్నాయని తేల్చారు. గో, కమ్, టేక్, గెట్, సెట్ లాంటి క్రియలు. అవుట్, అప్, ఆన్, బ్యాక్ లాంటి ముక్కలు. అదే పరిశోధనలో ఇంకో సంగతి తేలింది: అన్నిటికంటే ఎక్కువగా వాడే 100 కలయికలకు సగటున ఐదారు అర్థాలున్నాయి. 2015లో గార్నియర్, ష్మిట్ 150 ఫ్రేజల్ వెర్బ్స్ ఏరి, ఒక్కోదానికి నిజంగా వాడుకలో ఉన్న ముఖ్యార్థాలు మాత్రమే ఇచ్చారు. అన్నీ కలిపి 288.

288 అర్థాలు ఒక ఎండాకాలం సెలవుల్లో అయిపోయే పని. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022–23 నుంచి ఇంగ్లీషు మాధ్యమం మొదలైంది. ఆ పిల్లలకు ఇవి ఆటలోనే వచ్చేయవచ్చు, టీచర్లకు ఆ శిక్షణ అందితే. గ్రంథాలయం ఆవరణలో టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని చదువుతున్న పాతికేళ్ల అభ్యర్థికి మాత్రం అంత వ్యవధి లేదు. ఆ అబ్బాయికి, ఆ అమ్మాయికి ఇచ్చే పట్టికలో ప్రతి వరసా ‘పుట్ ఆఫ్ – వాయిదా వేయు’ అని ఆగకుండా ‘పుట్ ఇట్ ఆఫ్’, ‘ఫిల్ ఇట్ ఇన్’, ‘కాల్ హర్ బ్యాక్’, ‘హ్యాండ్ దెమ్ ఓవర్’ అని సర్వనామంతో సహా అచ్చు కావాలి. విడిపోని క్రియల్ని వేరే పేజీలో, ‘లుక్ ఆఫ్టర్ హర్’ అని పెట్టాలి. ఆపైన వాటిని కళ్లతో కాకుండా పక్కనున్న స్నేహితుడితో పైకి అంటూ చదవాలి, ‘ఆఫ్’ మీద, ‘ఇన్’ మీద బరువు పెట్టి.