ఇంటిపన్నులో బడి ఎక్కడ?

టెక్సస్‌లో ఉండే మా గుంటూరు, ఒంగోలు స్నేహితులు ఇల్లు కొనేముందు మొదట చూసేది స్కూల్ డిస్ట్రిక్ట్. తర్వాత ప్రాపర్టీ టాక్స్ ఎంతో కనుక్కుంటారు. నిజానికి రెండూ ఒకే లెక్క. అక్కడి ఇంటిపన్నులో అతి పెద్ద వాటా మామూలుగా ఆ ప్రాంతపు బళ్లకే పోతుంది, బిల్లులో విడిగా రాసి మరీ. గుంటూరులో మా అమ్మానాన్నల ఫ్లాట్‌కి పన్ను కట్టేది నేనే. ఆ రసీదులో బడి అన్న మాటే లేదు. చదువుకి కాస్త దగ్గరగా ఉన్నది గ్రంథాలయ సెస్సు ఒక్కటే: పన్నులో రూపాయికి 8 పైసలు.

మరి మన దగ్గర ఇల్లూ పొలమూ బడికి డబ్బు కట్టిన కాలమే లేదా? ఉంది. ఆ కథ గోదావరి డెల్టాలో మొదలవుతుంది, మా మెట్టకి వచ్చేసరికి తగాదాగా మారుతుంది.

1850లలో నర్సాపురం వైపు జి.ఎన్. టేలర్ అనే సబ్ కలెక్టర్ ఉండేవాడు. శిస్తు మీద ఇంకొంచెం అదనంగా కట్టి ఊళ్లో బడి నడుపుకోవడానికి అక్కడి రైతులు ఒప్పుకున్నారు. వాటికి రేట్ స్కూల్స్ అని పేరు. ఆ వసూలుకి చట్టం అండ కావాలని 1863లో మద్రాసు ప్రభుత్వం విద్యా చట్టం చేసింది. ఊరు ఒప్పుకుంటేనే పన్ను. మిగతా జిల్లాల్లో ఈ పద్ధతి పెద్దగా పాకలేదు. 1871లో స్థానిక నిధుల చట్టం వచ్చేసరికి ఆ ఒప్పుకోవడం అనే మాట పోయింది. శిస్తు రూపాయికి అణా వరకూ భూమి సెస్సు వేసి, అందులోంచే రోడ్లు, ఆస్పత్రులు, బళ్లు చూసుకోమన్నారు. రైతు కట్టే డబ్బు రెండు చోట్లా ఒకటే అనుకోవచ్చు. నాకు మాత్రం అసలు మలుపు ఇక్కడే ఉందనిపిస్తుంది. మొదటిదాంట్లో రైతు బడి అడిగి పన్ను ఇచ్చాడు. రెండోదాంట్లో పన్ను ముందు వచ్చింది, బడి వస్తే వస్తుంది.

ఆ తర్వాత 1919 సంస్కరణలు. మద్రాసులో పాలనని రెండు ముక్కలు చేశారు. విద్య, స్థానిక పాలన మన మంత్రులకి ఇచ్చారు. భూమిశిస్తు, ఆర్థిక శాఖ గవర్నర్ మనుషుల దగ్గరే ఉంచుకున్నారు. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే డెలివరీ ఒకడిది, బడ్జెట్ ఇంకొకడిది. మరి బళ్లకి డబ్బెలా? 1920 ప్రాథమిక విద్యా చట్టం దానికో దారి చూపింది: జిల్లా, తాలూకా బోర్డులూ మునిసిపాలిటీలూ విద్యాపన్ను వేసుకోవచ్చు, దానికి తోడు ప్రభుత్వం గ్రాంటు ఇస్తుంది. అంటే కొత్త మంత్రుల చదువు కల మొత్తం ఇంటిపన్ను, భూమి సెస్సుల మీద నిలబడాలన్నమాట. సరిగ్గా అప్పుడే చీరాల, పేరాల జనం ఇంటిపన్ను కట్టం అన్నారు.

ఆ కథ మనందరం స్కూల్లో అర పేజీ చదువుకున్నదే. 1919లో ఆ రెండు ఊళ్లనీ కలిపి మునిసిపాలిటీ చేశారు. అప్పట్లో అవి గుంటూరు జిల్లాలో ఉండేవి, 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడ్డ కొత్త జిల్లాలోకి వెళ్లాయి, ఇప్పుడు బాపట్ల జిల్లా. జనం దాదాపు 15 వేలు, వాళ్లలో నేతపని వాళ్లు చాలామంది. అంతకుముందు మొత్తం పన్నులు 4 వేల రూపాయలుంటే, మునిసిపాలిటీ అయ్యాక 40 వేలకి చేరతాయని లెక్క. కాగితం మీద నేను వేసి చూశాను: తలకి నాలుగణాల పైచిలుకు ఉన్నది రెండు రూపాయల పది అణాలకి పోతుంది. ఐదుగురున్న ఇంటికి ఏడాదికి 13 రూపాయలు. నేతగాడి ఇంట్లో అది చిన్న మొత్తం కాదు.

1921 ఏప్రిల్‌లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల తర్వాత గాంధీ చీరాల వచ్చారు. ఊరే ఖాళీ చేసి మునిసిపాలిటీ హద్దు దాటి ఉండటం ఆయన చూపించిన దారుల్లో ఒకటి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట దాదాపు 13 వేలమంది అవతల పాకలు వేసుకుని రామనగర్ కట్టుకున్నారు. తమాషా ఏంటంటే చట్టం ప్రకారం అది ఎగవేత కూడా కాదు. హద్దులో ఇల్లు పెట్టుకుని ఉండనివాడి దగ్గర ఏ పన్ను వసూలు చేస్తారు? ఎండా వానా భరించి 11 నెలలు అక్కడే ఉన్నారు. దుగ్గిరాలని జైల్లో పెట్టారు, విరాళాలు తగ్గిపోయాయి, జనం మెల్లగా ఇళ్లకి తిరిగొచ్చారు.

ఆ 40 వేలతో ఏం కొనేవాళ్లు అని పాఠ్యపుస్తకం అడగదు. మునిసిపాలిటీ పని అంటే దీపాలు, మురుగు కాలవలు, నీళ్లు, ప్రాథమిక బళ్లు. అలాగని దుగ్గిరాల చదువుకి అడ్డం పడ్డాడని ఎవరూ అనలేరు. ఎడింబరోలో చదివొచ్చినవాడు, చీరాలలోనే ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి పెట్టినవాడు. ఆ ఊరివాళ్లు బడి వద్దనలేదు, అడక్కుండా వచ్చిన బిల్లు వద్దన్నారు. కానీ పన్నంటే పైవాడు లాక్కునేదే అన్న భావం మా ప్రాంతంలో అప్పుడు బాగా నాటుకుపోయిందని నా అనుమానం. కొద్ది నెలలకే పెదనందిపాడులో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో రైతులు శిస్తు ఆపేశారు. శిస్తుతో కలిసి వసూలయ్యే సెస్సు కూడా దాంతో ఆగినట్టే. అది మాత్రం ఏ వీరగాథలోనూ ఉండదు.

స్వాతంత్ర్యం తర్వాత ముడి విడిపోయిన తీరు ఇంత నాటకీయంగా ఏం లేదు. 1959 చట్టంతో జిల్లా బోర్డులు పోయి జిల్లా పరిషత్తులు వచ్చాయి. మా తాతగారి తరం 'బోర్డు హైస్కూలు' అన్నది మా నాన్నకి 'జెడ్పీ హైస్కూలు' అయింది. జీతాలు క్రమంగా రాష్ట్ర ఖజానాకి మారిపోయాయి. పేరు స్థానికం, డబ్బు అమరావతిది. ఇవాళ గుంటూరు యార్డుకి వచ్చే ప్రతి మిర్చి టిక్కీ మీదా మార్కెట్ సెస్సు ఉంటుంది, అది యార్డుకీ లింకు రోడ్లకీ పోతుంది. పత్తి బోరాకీ అంతే. ఆ టిక్కీ మోసే హమాలీ పిల్లవాడి బడికి యార్డు నుంచి ఒక్క పైసా వెళ్లే దారి లేదు.

అయితే టెక్సస్ పద్ధతి తెచ్చేసుకుందామా? తొందరపడొద్దు. 1973లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన రోడ్రిగెజ్ కేసు శాన్ ఆంటోనియోలోని ఎడ్జ్‌వుడ్ అనే పేద పేటది. అక్కడివాళ్లు పన్ను రేటు ఎక్కువే కట్టారు: 100 డాలర్ల ఆస్తికి 1.05. పక్కనున్న సంపన్న ఆలమో హైట్స్‌లో 0.85. పిల్లవాడికి వచ్చింది ఎడ్జ్‌వుడ్‌లో 356 డాలర్లు, ఆలమో హైట్స్‌లో 594. ఇళ్ల విలువలోనే తేడా ఉంటే పన్నులో ఎంత నిజాయితీ ఉన్నా బడి అందుకోలేదు. రాజ్యాంగం దీన్ని తప్పనదని కోర్టు 5-4తో తేల్చింది. ఇదే సూత్రం మన దగ్గర పెడితే తెనాలి బడి ఎలా ఉంటుంది, గిద్దలూరు బడి ఎలా ఉంటుంది? ఊళ్లోపల చూసినా అంతే, పెద్దింటి పన్నుతో నడిచే బడి పెద్దింటి మాటే వింటుంది. ఖజానా జీతానికి ఆ ఒక్క గుణం ఉంది, పల్లెలో పంతులు ఎవరి గుమ్మం ముందూ నిలబడక్కర్లేదు.

దీనికి మనం ఇచ్చుకున్న ధర, అడిగే హక్కు. 2019 నవంబర్ 14న 'మన బడి నాడు-నేడు' ఒంగోలు పీవీఆర్ మునిసిపల్ హైస్కూల్లో మొదలుపెట్టారు. 2021లో రాష్ట్రంలో చదువు నాణ్యత పెంచడానికి ప్రపంచబ్యాంకు 25 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. అదే ఏడాది పట్టణాల్లో ఇంటిపన్నుని అద్దె లెక్క నుంచి ఆస్తి విలువ లెక్కకి మార్చారు, ఏడాదికి 15 శాతం మించి పెంచకూడదన్న షరతుతో. చెత్తపన్ను మీదా దీని మీదా గట్టిగానే గొడవ జరిగింది. ఈ పెరిగే డబ్బులో మా వార్డు బడికి ఎంత అని అడిగినవాళ్లు నాకైతే కనబడలేదు. 2022లో మునిసిపల్ బళ్ల పర్యవేక్షణని కూడా పాఠశాల విద్యాశాఖకి అప్పజెప్పారు. గేటు మీద మునిసిపల్ అన్న అక్షరాలకి మాత్రం ఇంకా రంగు వేస్తూనే ఉన్నారు.