వక్క జోలికి పోని చట్టం

నోటి క్యాన్సర్‌కు శస్త్రచికిత్స చేయించుకుని ఇల్లు చేరిన రోగి జర్దా మానేస్తాడు. నోరు చప్పగా ఉందని ఒక వక్కపలుకు బుగ్గన పెట్టుకుంటే మాత్రం వారించేవారు అరుదు. ఒట్టి వక్కతో ప్రమాదం లేదన్న ఈ నమ్మకానికి ఒక చరిత్ర ఉంది. అందులో ప్రభుత్వాల పాత్ర తక్కువేమీ కాదు.

తిరువాన్కూరులోని నెయ్యూరు మిషన్ ఆసుపత్రి వైద్యుడు ఓర్, తాంబూలం నమిలేవారిలో నోటి క్యాన్సర్‌పై 1933లోనే ‘లాన్సెట్’లో వ్యాసం ప్రకటించాడు. కిళ్ళీలో ఆకు, వక్క, సున్నం, పొగాకు కలిసే ఉంటాయి కనుక దోషిని వేరుచేయడం కష్టం. నింద చాలాకాలం పొగాకు మీదే నిలిచింది. 1952లో ష్వార్ట్స్ కెన్యాలోని భారతీయ మహిళల్లో నోటి లోపలి పొర బిగుసుకుపోయే జబ్బును వర్ణించాడు. మరుసటి ఏడాది జోషి భారతదేశంలో దానినే గుర్తించాడు. సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అనే ఈ వ్యాధిలో నోరు క్రమంగా తెరుచుకోదు. కొందరిలో అది క్యాన్సర్‌గా మారుతుంది. దీనికి ప్రధాన కారణం పొగాకు కాదు, వక్క.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1985లో పొగాకు కలిసిన తాంబూలాన్ని మాత్రమే దోషిగా తేల్చింది. వక్క సైతం స్వయంగా క్యాన్సర్ కారకమేనని 2004లో ప్రకటించింది. మన చట్టం మాత్రం 1985 దగ్గరే ఆగిపోయింది. ఆహార పదార్థాల్లో పొగాకు, నికోటిన్ ఉండరాదన్న 2011 నిబంధన ఆధారంగా 2012 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్ గుట్కాను నిషేధించింది. తక్కిన రాష్ట్రాలు అనుసరించాయి. వ్యాపారులు పాన్ మసాలాను ఒక పొట్లంలో, పొగాకును మరో పొట్లంలో పెట్టి ఒకే కొట్లో అమ్మారు. కలుపుకునే పని మాత్రమే కొనేవాడికి మిగిలింది!

వక్కను తాకే ధైర్యం ఏ పార్టీకుంది? ప్రపంచంలో అత్యధికంగా వక్క పండించేది మన దేశమే. శివమొగ్గ, దక్షిణ కన్నడ జిల్లాల్లో అది కుటుంబాల బతుకు, ఓట్ల లెక్క కూడా. 2023లో కేంద్రం దిగుమతి వక్క కనీస ధరను కిలోకు 351 రూపాయలకు పెంచి రైతుకు అండగా నిలిచింది. రైతును తప్పుపట్టడానికి లేదు. మరో పంటకు మళ్ళే దారిని ఎవరూ గట్టిగా చూపలేదు.

2022 అంచనాల ప్రకారం దేశంలో ఏటా 1.4 లక్షలకు పైగా నోటి క్యాన్సర్ కేసులు బయటపడుతున్నాయి. నోరు బిగుసుకున్నవారిలో పుండు ఆలస్యంగా కంటపడుతుంది, మత్తు ఇవ్వడమూ కష్టమే. చికిత్స తరువాతా నమలడం మానకపోతే అదే నోట మరో క్యాన్సర్ పుట్టే ముప్పు వెంటాడుతుంది. పాన్ మసాలా పొట్లం మీద కనీసం ఒక హెచ్చరిక ఉంది. కిరాణా కొట్లో తూకం వేసి ఇచ్చే వక్కకు అదీ లేదు.