తిరుత్తణి – సత్యవేడు ప్రాంతాల మార్పిడి (1960)

1960 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్, మద్రాసు రాష్ట్రాల మధ్య జరిగిన సరిహద్దు సవరణ ఇది. చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి తాలూకాలో అధిక భాగం, పుత్తూరు, చిత్తూరు తాలూకాల్లోని కొన్ని గ్రామాలు మద్రాసు రాష్ట్రంలో కలిశాయి. బదులుగా చెంగల్పట్టు జిల్లా తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాల గ్రామాలు, సేలం జిల్లా నుంచి స్వల్ప భాగం ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. ఇలా వచ్చిన ఊళ్ళతోనే ప్రధానంగా సత్యవేడు తాలూకా ఏర్పడింది. వెళ్ళిన గ్రామాలు 319, వచ్చినవి 151 అన్న లెక్క ఎక్కువ చోట్ల కనిపిస్తుంది. ఆవాసాలను, రెవెన్యూ గ్రామాలను వేర్వేరుగా లెక్కించినప్పుడు ఈ అంకెలు కొంత మారతాయి.

ఆంధ్రోద్యమ చరిత్రల్లో ఈ మార్పిడికి దక్కిన చోటు తక్కువ. మద్రాసు నగరం చేజారిన బాధ ముందు తిరుత్తణి చిన్న విషయంగా మిగిలిపోయింది. అయితే ఏ రాష్ట్రంలో ఉండాలో అక్కడి జనం ఇష్టాన్ని ఎలా కొలిచారన్న ప్రశ్నకు ఈ ఉదంతమే మంచి ఆధారం.

నేపథ్యం

చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి విడిపోయిన తాలూకాలకు కడప జిల్లాలోని మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు, కొన్ని జమీందారీ భూములు తోడయ్యాయి. అంతకుముందు ఉత్తర ఆర్కాటుకు చిత్తూరే ముఖ్య పట్టణం. పుత్తూరు, తిరుత్తణి ప్రాంతాలు కార్వేటినగరం జమీందారీ కింద ఉండేవి. ఆ ఆస్థానంలో తెలుగు పదాలు కట్టిన సారంగపాణి పేరు సంగీత లోకానికి పరిచితమే. జమీందారు కొలువు తెలుగుదైనా, తిరుత్తణి కొండ మీది సుబ్రహ్మణ్యస్వామి ఆలయం తమిళులు ఆరుపడై వీడులుగా కొలిచే ఆరు క్షేత్రాల్లో ఒకటి. రెండు భాషలూ ఒకే ఊరిని తమదనుకోవడానికి పునాది ఇక్కడే ఉంది.

1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు అమరుడయ్యాక ఆంధ్ర రాష్ట్ర ఏర్పాటు ఖాయమైంది. 1953 నాటి ఆంధ్ర రాష్ట్ర చట్టం చిత్తూరు జిల్లాను మొత్తంగా కొత్త రాష్ట్రంలో చేర్చింది. మద్రాసును వదులుకున్నందుకు తిరుపతి దక్కిందన్న మాట జనంలో ఇప్పటికీ ఉంది. చట్టంలో అటువంటి బదలాయింపు ఏదీ లేదు. జిల్లా మొత్తంగా తెలుగువారు అధికం కావడమే కారణమన్న వివరణ ఎక్కువ నమ్మదగినది.

ఇరువైపుల వాదనలు

తమిళుల వాదనకు నాయకుడు ‘తమిళరసు కళగం’ స్థాపకుడు మ.పొ. శివజ్ఞానం. ప్రాచీన వ్యాకరణం తొల్కాప్పియం పీఠిక తమిళ నేలకు ఉత్తరపు హద్దుగా వేంగడాన్ని, అంటే తిరుమల కొండను, చెప్పింది కాబట్టి తిరుపతి, కాళహస్తి, చిత్తూరు కూడా తమవేనని ఆయన వాదించారు. తిరుత్తణి, పళ్ళిపట్టు ప్రాంతాల్లో ఈ ఉద్యమానికి స్థానిక బలాన్నిచ్చినవారిలో తమిళ పండితుడు మంగళంకిళార్, న్యాయవాది కె. వినాయగం ముఖ్యులు. సత్యాగ్రహాలు, అరెస్టులు జరిగాయి. ఆ పోరాటంలో పాల్గొన్నవారికి తమిళనాడు ప్రభుత్వం తరువాతి కాలంలో పింఛను ఇచ్చింది.

తెలుగువారి వాదన పరిపాలన చరిత్ర మీద, జిల్లా సమగ్రత మీద నిలిచింది. తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ 1957లో చిత్తూరు నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. సరిహద్దు సవరణ చట్టం వచ్చిన 1959లో సభాపతి ఆయనే. తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో పుట్టి తిరుపతిలో చదువుకున్న సర్వేపల్లి రాధాకృష్ణన్ అప్పుడు ఉపరాష్ట్రపతి. సొంత నేలకు సంబంధించిన మార్పు జరుగుతుంటే ఇద్దరూ పక్షం వహించరాని పదవుల్లో ఉన్నారు.

పటాస్కర్ మధ్యవర్తిత్వం

రెండు ప్రభుత్వాలూ తేల్చుకోలేకపోవడంతో హరి వినాయక్ పటాస్కర్‌ను మధ్యవర్తిగా పెట్టారు. ఆయన నియామకం 1956లోనని కొందరు, 1957లోనని కొందరు రాశారు. ఆయన సిఫారసుల ఆధారంగా 1959లో సరిహద్దుల సవరణ చట్టం వచ్చింది. అమలులోకి వచ్చేనాటికి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య, మద్రాసు ముఖ్యమంత్రి కామరాజ్.

పటాస్కర్ సూత్రాలుగా మూడింటిని అందరూ ఒప్పుకుంటారు: గ్రామమే ప్రమాణం కావడం, భూభాగం ఎడతెగకుండా ఉండడం, భాషాపరమైన ఆధిక్యం. నాలుగోదిగా ప్రజల ఇష్టాన్ని చేర్చడం, మహారాష్ట్ర, కర్ణాటకల మధ్య ఇంకా తేలని బెళగావి సరిహద్దు వివాదంలో మహారాష్ట్ర పక్షం చేసిన వాదనల్లో తరచు కనిపిస్తుంది. తిరుత్తణి విషయంలో మాత్రం గ్రామాల్లో ఓటింగు జరగలేదు. జనగణనలోని మాతృభాష వివరమే ఇష్టానికి బదులుగా నిలిచింది. కాబట్టి ఆచరణలో పనిచేసినవి మూడు సూత్రాలే అనుకోవడం సబబు.

జనం మనసు

మాతృభాషను బట్టి ఇష్టాన్ని ఊహించడం ఈ ప్రాంతంలో తేలిక కాదు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళం చదువుకున్న కుటుంబాలు తిరుత్తణి వైపు చాలా ఉన్నాయి. నగరి, సత్యవేడు వైపు ఇంట్లో తమిళం, సంతలో తెలుగు నడిచిన ఇళ్ళూ అన్నే. పొదటూరుపేట, రామకృష్ణరాజుపేట, నగరి నేతగాళ్ళకు నూలు, బేరం, వియ్యం అన్నీ హద్దుకు అటూఇటూ ఉండేవి.

దూరం కూడా లెక్కలోకి వస్తుంది. రేణిగుంట – అరక్కోణం రైలు మార్గంలోని తిరుత్తణి నుంచి మద్రాసుకు 90 కిలోమీటర్ల లోపే. 1953 తరువాత తిరుత్తణివారి రాజధాని కర్నూలు, హైకోర్టు గుంటూరు. 1956 నుంచి రెండూ హైదరాబాదు. వ్యాజ్యమున్న రైతుకు, కాలేజీ చదువు కోరే పిల్లవాడికి మద్రాసు దగ్గర కావడం భాషతో పని లేకుండానే ఒక కారణం. ఇదే కొలత సత్యవేడుకు పెడితే ఫలితం తిరగబడుతుంది. అక్కడి తెలుగువారికి తమ భాష పాలించే రాష్ట్రం దక్కింది గాని, అలవాటైన దగ్గరి నగరం పరరాష్ట్రమైంది.

ఇల్లు కదలకుండానే తిరుత్తణి ఓటరు 1952లో మద్రాసు రాష్ట్రంలో, 1955లో ఆంధ్ర రాష్ట్రంలో, 1957లో ఆంధ్రప్రదేశ్‌లో, 1962లో మళ్ళీ మద్రాసు రాష్ట్రంలో ఓటు వేశాడు. ఇన్ని ఓట్లలో ఒక్కటీ ఏ రాష్ట్రం కావాలన్న ప్రశ్న మీద కాదు. నాటి జనాభిప్రాయం గురించి మనకు దొరికే మాటలు ఎక్కువగా నాయకులవి, అందులోనూ గెలిచామని భావించిన తమిళ పక్షానివి. వాటిని ఊరందరి మాటగా తీసుకోవడం న్యాయం కాదు.

పోలిక: యానాం

తెలుగు నేల మీదే మరో పద్ధతికి ఉదాహరణ ఫ్రెంచి పాలనలోని యానాం. దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో 1954 జూన్ 13న ఫ్రెంచి అధికారం అక్కడ తొలగింది. అదే ఏడాది అక్టోబరు 18న కీళూరులో ఫ్రెంచి స్థావరాల ప్రజాప్రతినిధులు ఓటు వేశారు. 178 మందిలో 170 మంది భారత్‌లో విలీనానికి మొగ్గారు, 8 మంది వ్యతిరేకించారు. మరో ఫ్రెంచి స్థావరమైన చందర్‌నగర్‌లో 1949లో ఓటర్లే నేరుగా తీర్పిచ్చారు. ఐరోపాలో 1920లో ష్లెస్విగ్ ప్రాంతాన్ని రెండు మండలాలుగా చేసి ఓటు పెడితే ఉత్తరం డెన్మార్కును, దక్షిణం జర్మనీని కోరాయి.

యానాం మరో సంగతి కూడా నేర్పుతుంది. అక్కడివారి భాష తెలుగే. అయినా ఆంధ్రలో కలపాలన్న మాట వచ్చినప్పుడల్లా పుదుచ్చేరిలోనే ఉంటామన్న గొంతు గట్టిగా వినిపించింది. భాష ఒకటైతే కోరిక కూడా ఒకటే అవుతుందన్న ఊహకు ఇది గట్టి ఎదురు సాక్ష్యం.

మార్పిడి తరువాత

తిరుత్తణి మొదట చెంగల్పట్టు జిల్లాలో ఉండి, 1997 నుంచి తిరువళ్ళూరు జిల్లాలో ఉంది. సత్యవేడు చిత్తూరు జిల్లాలో కొనసాగి, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరింది. సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో వచ్చిన శ్రీసిటీ పారిశ్రామికవాడ చెన్నై రేవుల దగ్గరితనం వల్లే ఎదిగింది.

రాకపోకలు తగ్గలేదు. ఆడికృత్తిక పండుగకు పుత్తూరు, నగరి, చిత్తూరు వైపు నుంచి పసుపు బట్టలు కట్టి, పూల కావళ్ళు భుజానికెత్తుకొని జనం తిరుత్తణి కొండెక్కుతారు. కొండకు 365 మెట్లు. కింద తలనీలాల దగ్గర, టెంకాయల అంగళ్ళ దగ్గర బేరం రెండు భాషల్లోనూ సాగుతుంది.

నష్టం బడుల్లో జరిగింది. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తమిళాన్ని మొదటి భాషగా తప్పనిసరి చేసింది. ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక్కో తరగతికి పాకింది. పదో తరగతికి చేరేసరికి తెలుగు పిల్లలు మినహాయింపు కోసం న్యాయస్థానాలకు వెళ్ళవలసివచ్చింది. ఆంధ్రప్రదేశ్ వైపు తమిళ మాధ్యమ బడులదీ క్షీణదశే. తల్లిదండ్రులు ఇంగ్లీషు మాధ్యమానికి మొగ్గడం రెండు వైపులా మరో కారణం.

మదింపు

తిరుపతి తమకు రాలేదని తమిళ పక్షం, తిరుత్తణి పోయిందని తెలుగు పక్షం అసంతృప్తి చెందినా, రెండు ప్రభుత్వాలూ తీర్పును అమలు చేశాయి. బెళగావితో పోలిస్తే ఇది పెద్ద విజయం. కానీ గ్రామాన్ని ప్రమాణంగా తీసుకున్న ఏ రేఖా గ్రామం లోపలి అల్పసంఖ్యాకులను కాపాడలేదు. నూటికి అరవైమంది భాషను బట్టి ఊరు ఒక రాష్ట్రానికి పోతే, తక్కిన నలభైమంది బాధ్యత ఆ రాష్ట్రం మీద పడుతుంది. మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతి కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. 1956లో, అంటే మార్పిడికి నాలుగేళ్ళ ముందే, అది రాజ్యాంగంలో చేరింది. హద్దును సరిచేసిన ప్రభుత్వాలు ఈ అధికరణాన్ని అంతే శ్రద్ధతో పాటించి ఉంటే ఏ ఊరు ఎటు పోయిందన్న బాధ చాలావరకు తీరేది. ఆ పని ఇప్పటికీ మిగిలే ఉంది. దానికి కొత్త హద్దు అక్కర్లేదు. రెండు వైపులా అడిగిన పిల్లలకు తెలుగు, తమిళం చెప్పే పంతుళ్ళు చాలు.