కొటియా: ఒక మనిషి, రెండు రికార్డులు

డూప్లికేట్ రికార్డు కనబడితే నాకు చెయ్యి దురద పెడుతుంది. ఉద్యోగంలో సగం పని అదే మరి. ఒకే మనిషి కస్టమర్ టేబుల్లో రెండుసార్లు ఉంటాడు, ఒకచోట వెంకటేశ్వర్లు, ఇంకోచోట వెంకటేశ్వరులు. పుట్టినరోజు చూసి, ఫోన్ నంబరు చూసి, ఇద్దరూ ఒకడే అని తేల్చి ఒకదాన్ని ఉంచి రెండోది లేపేస్తాం. సరైన ప్రైమరీ కీ ఒకటి దొరికితే లోకంలో సగం సమస్యలు తీరిపోతాయని నమ్మే జాతి మనది :)

ఈ జాతివాళ్ళందరికీ మా సాలూరు పక్కనున్న కొటియా కథ ఓసారి చెప్పాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నా.

సాలూరు అనగానే తెలిసినవాళ్ళకి లారీలు గుర్తొస్తాయి, బాడీలు కట్టే షెడ్లు గుర్తొస్తాయి. కొందరికి బొబ్బిలి దాకా తిరిగిన రైలుబస్సు గుర్తొస్తుంది (దాని మీద వేరే రాయాలి, ఇక్కడ మొదలుపెడితే ఆగను). ఊరు దాటాక రాయపూర్ వెళ్ళే జాతీయ రహదారి, అంటే పాత 43, ఇప్పటి 26, ఘాటీ ఎక్కి సుంకి మీదుగా పొట్టంగి, కోరాపుట్ వైపు పోతుంది. ఆ కొండల్లోనే, ఇటు సాలూరు మండలానికీ అటు కోరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకుకీ మధ్యలో కొటియా గ్రామాలు. గొడవలో ఉన్నవి 21. ఉండేవాళ్ళు ఎక్కువగా ఆదివాసీలు. కువి, ఒరియా, తెలుగు మూడూ చెవిన పడే చోటు. ఈ 21 ఊళ్ళూ ఏ రాష్ట్రానివి అన్న ప్రశ్నకి ఇప్పటికీ తుది జవాబు లేదు.

తప్పు ఎక్కడ మొదలైందో చూద్దాం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా కొత్త ప్రావిన్సు అయ్యింది. అప్పటిదాకా ఈ కొండలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లావే. విడగొట్టేటప్పుడు ఇటునుంచి అటు ఏం వెళ్తుందో ఎలా రాశారంటే, జయపురం ఎస్టేటు, దాంతోపాటు ఆ ఎస్టేటులో లేని పొట్టంగి తాలూకా భాగం. అంతే. అక్షాంశం, రేఖాంశం అంటూ ఏమీ లేవు. మన భాషలో చెప్పాలంటే విలువ ఇవ్వలేదు, పాయింటర్ ఇచ్చారు. ఆ పాయింటర్ చూపించే జమీందారీ హద్దు మాత్రం ఏ కొండ దగ్గర, ఏ గెడ్డ దగ్గర ఆగుతుందో అడవిలో గొలుసు పట్టుకుని కొలిచిన పాపాన ఎవరూ పోలేదు. ఆ తర్వాత 1940ల్లో సర్వే జరిగినా ఈ 21 ఊళ్ళూ అందులోకి రాలేదు. లండన్ నుంచి వచ్చిన ఒక ఉత్తర్వులో రెండు ముక్కలు ఖాళీ వదిలేస్తే ఎనిమిదిన్నర దశాబ్దాలు దాటినా అవి ఇంకా పూరించబడలేదన్న మాట. స్పెసిఫికేషన్ సరిగ్గా రాయండర్రా అని మా పెద్దాయన అరిచినప్పుడల్లా నాకిదే గుర్తొస్తుంది.

ఈలోగా పైన పేర్లు మారుతూనే ఉన్నాయి. సాలూరు ఎక్కడికీ కదల్లేదు గానీ 1950లో విశాఖపట్నం జిల్లా నుంచి కొత్త శ్రీకాకుళం జిల్లాలోకి, 1979లో విజయనగరం జిల్లాలోకి, 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది. పైన రాష్ట్రం మద్రాసు కాస్తా 1953లో ఆంధ్ర, 1956లో ఆంధ్రప్రదేశ్ అయ్యింది. అటుపక్క 1992లో పాత కోరాపుట్ జిల్లా ముక్కలైంది, 2011లో ఒరిస్సా ఒడిశా అయ్యింది. ఇన్ని మైగ్రేషన్లు నడిచాయి. ప్రతిసారీ సాలూరు మండలం అడ్రసు మారింది, కొటియా దగ్గర మాత్రం ఆ కాలమ్‌లో రెండు విలువలు అలాగే నిలబడ్డాయి.

1968లో ఒరిస్సా సుప్రీంకోర్టుకి వెళ్ళింది. కోర్టు యథాతథ స్థితి కొనసాగించమంది. టైమౌట్ లేకుండా లాక్ పెడితే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. నేను పుట్టేనాటికే ఆ కేసుకి దాదాపు ముప్పై ఏళ్ళు. చివరికి 2006 మార్చిలో, అంటే 38 ఏళ్ళకి, సాంకేతిక కారణాల మీద దావా ముగిసింది. ఊళ్ళు ఎవరివో తేలకుండానే ముగిసింది. యథాతథ స్థితి మాత్రం మిగిలింది. రాష్ట్రాల హద్దులు మార్చే అధికారం రాజ్యాంగం మూడో అధికరణం కింద పార్లమెంటుది. 21 కొండ ఊళ్ళ కోసం బిల్లు పెట్టే ఓపిక ఢిల్లీలో ఎవరికుందో మీరే ఆలోచించండి.

నాకు అన్నిటికంటే ముచ్చటేసింది ఊళ్ళ పేర్లు. అటు గంజెయిపదర్, ఇటు గంజాయిభద్ర. అటు ఫటుసెనెరి, ఇటు పట్టుచెన్నేరు. అటు ఫగుణసెనెరి, ఇటు పగులుచెన్నేరు. ఒరియా వైపు ఊరి పేర్ల చివర పదర్ మామూలే, మనవైపు వలస ఉన్నట్టు. అది మన గుమాస్తాల చెవిలో భద్ర అయి కూచుంది. ఏది ఒరిజినల్, ఏది కాపీ అని అడక్కండి. పేర్లని ధ్వనిని బట్టి పోల్చే ప్రోగ్రాము ఎంత మంచిది రాసినా పదర్‌నీ భద్రనీ ఒకటిగా పట్టుకోవడం కష్టమే. ఈ తేడా వల్లే ఒక ఊరు రెండు ప్రభుత్వాల కంప్యూటర్లలో రెండు ఊళ్ళుగా హాయిగా బతికేస్తోంది.

ఊరు రెండైనప్పుడు మనిషీ ఇద్దరవుతాడు. ఇక్కడ చాలా ఇళ్ళలో రెండు రాష్ట్రాల రేషను కార్డులు, రెండు ఓటరు కార్డులు ఉన్నాయని పేపర్లు ఏళ్ళుగా రాస్తూనే ఉన్నాయి. ఒక కార్డు మీద సాలూరు నియోజకవర్గం, అరకు ఎంపీ. ఇంకో కార్డు మీద పొట్టంగి నియోజకవర్గం, కోరాపుట్ ఎంపీ. 2014లో కోరాపుట్‌లో ఏప్రిల్ 10న, అరకులో మే 7న పోలింగ్ జరిగింది. 2019లో ఏప్రిల్ 11న, 2024లో మే 13న రెండుచోట్లా ఒకే రోజు. వేలి మీద సిరా అన్నది మన దేశంలో 1962 నుంచి వాడుతున్న డూప్లికేట్ చెక్. దాన్ని కనిపెట్టినవాళ్ళు మాత్రం ఒకే కొండకి రెండు పోలింగు బూతులు పోటీ పడతాయని ఊహించి ఉండరు.

2021 ఫిబ్రవరిలో మన రాష్ట్రం పైన చెప్పిన ఆ మూడు పంచాయతీల్లో ఎన్నికలు పెట్టింది. ఒడిశా కోర్టు ధిక్కారం అంటూ మళ్ళీ సుప్రీంకోర్టుకి వెళ్ళింది. ఆ ఏడాదంతా ఇటు అధికారులు వెళ్తే అటు పోలీసులు ఆపడం, బోర్డులు పెట్టడం, పీకెయ్యడం. నవంబరు 9న అప్పటి ముఖ్యమంత్రులు జగన్, నవీన్ పట్నాయక్ భువనేశ్వర్‌లో కూచుని రెండు రాష్ట్రాల ప్రధాన కార్యదర్శులతో కమిటీ అన్నారు. 2024 జూన్‌లో ఇద్దరూ పదవులు దిగిపోయారు, సమస్య మాత్రం పదవిలోనే ఉంది.

సిటీలో ఈ సంగతి ఎవరికి చెప్పినా వెంటనే వచ్చే మాట ఒకటుంది: "భలే ఛాన్సు కదా, రెండు వైపులా బియ్యం, రెండు పింఛన్లు!" నాకు ఒళ్ళు మండేది అక్కడే. రెండు పేర్లతో దొంగ అకౌంట్లు తెరిచినవాళ్ళు కాదు వీళ్ళు. రెండు ప్రభుత్వాలూ ఎవరికి వారే వచ్చి, మీరు మావాళ్ళే అని, కార్డులు చేతిలో పెట్టి వెళ్ళాయి. రేపు తీర్పు ఎటు తిరిగినా ఒక కార్డు చెల్లదు. ఏది చెల్లదో ముందుగా తెలీనప్పుడు రెండూ దాచుకోవడాన్ని మన డేటా సెంటర్లలో అయితే బ్యాకప్ అని మెచ్చుకుంటాం. వాళ్ళు చేస్తే మోసమా?

ఇప్పుడు టెక్నాలజీ వచ్చి ఆ బ్యాకప్‌ని మెల్లగా కొరికేస్తోంది. ఆధార్ 2010లో మొదలైంది. వేలిముద్ర, కనుపాప రెండు రాష్ట్రాలని ఒప్పుకోవు, మనిషికి ఒకే నంబరు, నంబరుకి ఒకే అడ్రసు. రేషను కార్డుకి ఆధార్ తగిలించాక రెండో కార్డు ఏ రాత్రో నడిచే స్క్రిప్టులో ఎగిరిపోవచ్చు. కోడ్ పరంగా చూస్తే అది నూటికి నూరుపాళ్ళు కరెక్టు. కానీ మనకి డూప్లికేట్ కనబడితే ఏది ఉంచాలో చెప్పడానికి ఒక బిజినెస్ రూలు ఉంటుంది, దానికి సంతకం పెట్టిన మేనేజరు ఒకడుంటాడు. ఇక్కడ ఆ రూలు రాయాల్సినవాళ్ళు 1936 నుంచి రాయలేదు. ఎవరూ రాయని రూలుని ఆ స్క్రిప్టు తనే నిర్ణయించేస్తుంది, ఏ కార్డుకి ముందు లింకైతే ఆ రాష్ట్రం. అదృష్టం బాగుంటే ఆ మనిషి పింఛను తీసుకునే వైపే మిగులుతుంది.

ఇంకో మెట్టు ముందుంది. జనగణనకి 2027 మార్చి 1ని రిఫరెన్సు తేదీగా కేంద్రం 2025 జూన్‌లో నోటిఫై చేసింది. ఈసారి కాగితాలు కాదు, మొబైల్ యాప్. కాగితం మీదైతే మార్జిన్లో ఏదో రాసి నెట్టుకురావచ్చు. యాప్‌లో రాష్ట్రం, జిల్లా, గ్రామం అన్నీ ముందే నింపిన కోడ్లు. సుంకి ఘాటీ ఎక్కి ఒకాయన, పొట్టంగి నుంచి దిగి ఇంకొకాయన, ఇద్దరి ఫోన్లలోనూ ఆ ఇల్లు ఉంటుంది. ఒకాయన లిస్టులో గంజాయిభద్ర, ఇంకొకాయన లిస్టులో గంజెయిపదర్.