పరిశుద్ధులు (ఆస్ట్రేలియా)

క్రీస్తునందు విశ్వాసముంచిన వారందరికీ కొత్త నిబంధన పత్రికల్లో కనిపించే పేరు. పౌలు రోమా, ఎఫెసు, ఫిలిప్పీ సంఘాల వారిని ఇలాగే సంబోధించాడు. కక్షలతో చీలిన కొరింథు సంఘాన్ని కూడా మినహాయించలేదు. పరిశుద్ధత మొదట దేవుని పిలుపు, ఆ పిలుపుకు తగిన నడవడి ఆ తరువాతిది అన్నది ఇక్కడి భావంగా కనిపిస్తుంది. హతసాక్షుల స్మరణ బలపడిన కొద్దీ ఈ పేరు క్రమంగా విశిష్ట వ్యక్తులకు పరిమితమైంది.

సంఘాల వారీ వాడుక

ఆస్ట్రేలియాలో రెండు అర్థాలూ నిలిచి ఉన్నాయి. కతోలికులు 2010 అక్టోబరు 17న పునీతగా ప్రకటితమైన మేరీ మెకిల్లప్ (1842–1909)ను తమ దేశపు తొలి పునీతగా గౌరవిస్తారు. 1866లో పెనోలాలో పేద పిల్లల బడితో మొదలైన ఆమె సేవకు 1871లో బిషప్ షీల్ విధించిన వెలి అడ్డుపడింది. మరుసటి ఏడాదే అది రద్దయింది. అయితే పరిశుద్ధతకు పిలుపు జ్ఞానస్నానం పొందిన వారందరిదీ అని రెండవ వాటికన్ మహాసభ 1964లోనే స్పష్టం చేసింది. ఆంగ్లికన్లు 1942లో న్యూగినీలో ప్రాణాలర్పించిన వారిని సెప్టెంబరు 2న స్మరిస్తారు. పునీతులను వేడుకోవడాన్ని మాత్రం వారి 39 విశ్వాస సూత్రాల్లో 22వది తిరస్కరిస్తుంది. బాప్టిస్టులకు పునీతుల పట్టికే లేదు.

ఆర్థర్ స్టేస్

సామాన్య విశ్వాసికి ఈ పేరు ఎలా వర్తిస్తుందో చూపడానికి సిడ్నీవాసి ఆర్థర్ స్టేస్ (1885–1967) జీవితం తగిన ఉదాహరణ. జన్మస్థలం రెడ్‌ఫర్న్. బాల్మెయిన్ అనే రచనలూ ఉన్నాయి. తాగుబోతు తల్లిదండ్రుల ఇంట పుట్టి, తానూ తాగుడుకు బానిసై, మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో పనిచేసి వచ్చాడు. 1930 ఆగస్టు 6న బ్రాడ్‌వేలోని సెయింట్ బార్నబాస్ చర్చిలో, పాదిరి ఆర్.బి.ఎస్. హామండ్ నిరుపేదల కోసం జరిపే కూటంలో మారుమనస్సు పొందాడు.

తరువాత డార్లింగ్‌హర్స్ట్‌లోని బర్టన్ వీధి బాప్టిస్టు మందిరంలో సువార్తికుడు జాన్ రిడ్లీ నిత్యత్వం గురించి చేసిన ప్రసంగం విన్నాడు. కొన్ని కథనాలు దీన్నీ 1930లోనే చేర్చినా, 1932 నవంబరు 14 అన్న తేదీయే ఎక్కువ నమ్మదగింది. అప్పటి నుంచి తెల్లవారకముందే లేచి, 'ఎటర్నిటీ' (నిత్యత్వం) అన్న ఒక్క మాటను సుద్దముక్కతో కాలిబాటలపై అందమైన గొలుసుకట్టు అక్షరాల్లో రాసేవాడు. సుమారు 5 లక్షల సార్లు రాశాడన్నది ప్రచారంలో ఉన్న అంచనా మాత్రమే. ఎవరు రాస్తున్నారో నగరానికి 1956 దాకా తెలియలేదు. మందిరాన్ని శుభ్రం చేసే ఆయన చేతిలో సుద్దను పాదిరి లైల్ థామ్సన్ గమనించాకే సంగతి పత్రికకెక్కింది. 2000 సంవత్సరపు తొలి ఘడియల్లో అదే మాట సిడ్నీ హార్బర్ వంతెనపై దీపకాంతిలో వెలిగింది.

మూల్యాంకనం

స్టేస్‌ను సుద్ద రాతలే పరిశుద్ధుణ్ని చేశాయన్న భావన ప్రజల్లో ఉంది. కొత్త నిబంధన పత్రికల బోధకు అది సరిపడదు. పౌలు ప్రమాణంలో ఆయన 1930 నాటి ఆ కూటం నుంచే పరిశుద్ధుడు. 35 ఏళ్ల రాతలు ఆ పిలుపుకు ఫలం. ఆ కూటంలో ఆయన పక్కన కూర్చుని అదే రోజు విశ్వసించి, ఏమీ రాయకుండా బతికిన వారు ఉంటే, వారికీ అదే పేరు చెందుతుంది.