తొలి కాన్పు: పురిటి గది నుంచి ఆస్పత్రి దాకా



మన చరిత్ర పుస్తకాల్లో రాజులు పుడుతూనే ఉంటారు. ఫలానా రాణిగారికి ఫలానా సంవత్సరంలో కుమారుడు ఉదయించాడని ఒక్క ముక్క రాసి ముందుకు వెళ్ళిపోతారు. సూర్యుడు ఉదయించినట్టే ఆయనా ఉదయించాడన్న మాట! ఆవిడ ఎంతసేపు నొప్పులు పడింది, పక్కన ఎవరున్నారు, ఆ తరవాత లేచి తిరిగిందా లేదా అన్నది ఎవరికీ పట్టలేదు. ప్రబంధ కవులు గర్భిణీ వర్ణన మాత్రం వదల్లేదు లెండి. చెక్కిళ్ళు తెల్లబడటం, నడక మందగించడం, మట్టి మీదికి మనసు పోవడం, ఇవన్నీ తీరిగ్గా వర్ణించి, తీరా నొప్పులు మొదలయ్యే వేళకు శుభలగ్నం అంటూ దాటేశారు.

ఆ దాటేసిన సంగతిని ఆడవాళ్ళ పాటలు దాచిపెట్టాయి. కౌసల్య వేవిళ్ళు, సీత వేవిళ్ళు అంటూ మన పెద్దవాళ్ళు పాడుకున్న పాటలున్నాయి. రాముడు పుట్టే ఘట్టంలో కౌసల్య ఇంటి కప్పు నుంచి వేలాడదీసిన తాళ్ళు పట్టుకుని, నిలబడి నొప్పులు పడుతుంది. ఆవిడ అయోధ్యకు మహారాణే. అయినా పాట కట్టిన ఇల్లాలు తన ఇంటి పురిటి గదినే ఆవిడకూ ఇచ్చింది. ఒకప్పుడు మన వైపు కాన్పులు ఎలా జరిగేవో తెలుసుకోవాలంటే శాసనాలకన్నా ఈ పాటలే నయం.

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలని మనవాళ్ళు పెట్టిన ఆచారం వెనక పెద్ద తెలివే ఉంది. పదహారూ పదిహేడేళ్ళ పిల్ల, అత్తవారింట గట్టిగా మూలగడానికి కూడా జంకే పిల్ల, అమ్మ దగ్గరైతే నోరు విప్పి ఏడుస్తుంది. చలిమిడి పెట్టడం, సూడిదలు తీసుకెళ్ళడం, సీమంతం - ఇవన్నీ పైకి వేడుకలే. లోపల మాత్రం, ఈ పిల్ల గండం గట్టెక్కాలి తల్లీ అన్న భయమే. కాన్పు అంటే మళ్ళీ పుట్టడమని ఊరికే అనలేదు.

ఆ గండం గట్టెక్కించే మనిషి మంత్రసాని. చాలా ఊళ్ళల్లో మంగలి, చాకలి కుటుంబాల ఆడవాళ్ళు తరతరాలుగా ఈ పని చేసేవారు. అర్ధరాత్రి కబురంపినా రావలసిందే. ప్రతిఫలం ఓ చీరా, నాలుగు కుంచాల ధాన్యం. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏమొచ్చినా పట్టాలని సామెత కట్టి నవ్వుకున్నాం గానీ, ఆ చేతుల్లో పడే కదా అందరం భూమ్మీదికి వచ్చింది! కడుపు మీద చెయ్యి వేసి బిడ్డ తల ఎటుందో చెప్పేది. నొప్పులు పడుతున్న పిల్లని నడిపించేది, నడుం రాసేది, తిట్టేది, బుజ్జగించేది. ఒక్క క్షణం వదిలి వెళ్ళేది కాదు.

ఆవిడకు తెలియనిది ఒక్కటే, చేతికి అంటుకున్నది కంటికి కనపడకపోయినా ప్రాణం తీస్తుందని. పొలంలో వాడిన కొడవలితోనే బొడ్డు కోసేవారు. ఆ కోసిన చోట బూడిదో పేడో అద్దేవారు. గాలి సోకుతుందని కిటికీలు మూసి కుంపటి పెట్టేవారు. ముర్రుపాలు చెడ్డవని పిండి పారబోసి, పసివాడికి ఆముదం చుక్కో గాడిద పాలో నాకించేవారు. కడుపులో బిడ్డ ఎదిగితే కాన్పు కష్టమని చూలాలికి సగం కడుపుకే తిండి పెట్టేవారు. మూడో రోజున బాలింతకి చలి పుట్టి జ్వరం వస్తే సన్నిపాతం అన్నారు. పసివాడు దవడ బిగుసుకుని పోతే గాలి చేష్ట అన్నారు. మా అమ్మమ్మకు తొమ్మిది కాన్పులైతే దక్కినవాళ్ళు ఆరుగురు. ఆ ముగ్గురి మాటా ఆవిడ ఎత్తేది కాదు. బాలింత పోతే ఊళ్ళో వాళ్ళు చెప్పే ఓదార్పు ఏమిటంటే, ముత్తయిదువగా పోయింది, పుణ్యాత్మురాలు అని! ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఇరవై ఏళ్ళయినా నిండని పిల్ల చావుకి పసుపు కుంకుమ పూసి సరిపెట్టుకున్నాం.

అయితే ఇది మన మంత్రసానుల ఒక్కరి దోషమే అనుకుంటే పొరపాటు. యూరప్‌లో వియన్నా నగరపు పెద్ద ఆస్పత్రిలో ఏం జరిగిందో చూడండి. అక్కడ పురుడు పోసే విభాగాలు రెండుండేవి. మొదటి దాంట్లో చదువుకున్న డాక్టర్లు, వైద్య విద్యార్థులు. రెండో దాంట్లో మంత్రసానులు. 1846లో డాక్టర్ల విభాగంలో చేరిన తల్లుల్లో నూటికి 11 మందికి పైగా చనిపోయారు. మంత్రసానుల విభాగంలో నూటికి ముగ్గురు కూడా లేరు. ఊరందరికీ ఈ సంగతి తెలుసు. మొదటి విభాగంలో వెయ్యొద్దని గర్భిణులు కాళ్ళా వేళ్ళా పడేవారట.

సెమ్మెల్‌వైస్ అనే యువ డాక్టరు అక్కడ పని చేసేవాడు. ఎందుకిలా అని కొట్టుకులాడాడు. 1847లో ఆయన స్నేహితుడైన మరో డాక్టరు, శవపరీక్ష చేస్తుండగా కత్తి గీరుకుని, అచ్చం బాలింతల జ్వరం లాంటి జబ్బుతోనే చనిపోయాడు. దాంతో విషయం అర్థమైంది. డాక్టర్లూ విద్యార్థులూ పొద్దున శవాలు కోసి, ఆ చేతులతోనే వచ్చి పురుడు పోస్తున్నారు! మంత్రసానులకు శవాల గదితో పని లేదు కనక వాళ్ళ దగ్గర తల్లులు బతుకుతున్నారు. ఆయన క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్ళతో చేతులు కడుక్కోవాలని నియమం పెట్టాడు. 1848 నాటికి మొదటి విభాగంలో చావులు నూటికి ఒకటికి కాస్త పైగా మాత్రమే. ఇంతా చేస్తే పెద్ద డాక్టర్లకు కోపం వచ్చింది. మా చేతులు మురికివా అని. ఆయన్ని ఊరు వదిలి పోయేలా చేశారు. 1865లో, 47 ఏళ్ళకే, పిచ్చాస్పత్రిలో పోయాడు. మన మంత్రసానిని మూర్ఖురాలని తిట్టేవాళ్ళు ఈ కథ కూడా చదవాలి.

అదే 1847లో ఎడింబరోలో సింప్సన్ అనే డాక్టరు కాన్పు నొప్పులకు క్లోరోఫాం ఇచ్చాడు. నొప్పి దేవుడు రాసిపెట్టింది, తీసెయ్యడం పాపం అన్నవాళ్ళు అక్కడా ఉన్నారు. 1853లో విక్టోరియా రాణిగారే తన ఎనిమిదో కాన్పుకి క్లోరోఫాం పీల్చాక కొంత నోళ్ళు మూతపడ్డాయి. మన హైదరాబాదుకీ ఈ మందుతో సంబంధం ఉంది. క్లోరోఫాం మంచిచెడ్డలు తేల్చడానికి 1888లోనూ 1889లోనూ నిజాం ప్రభుత్వ ఖర్చు మీద ఇక్కడ రెండు కమిషన్లు పని చేశాయి. హైదరాబాదులోనే చదువుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తుమందు ఇవ్వడంలో ఆరితేరిన తొలి మహిళా డాక్టర్లలో ఒకరు.

మందులు వచ్చాయి, చేతులు కడుక్కోవడం వచ్చింది. మరి మన ఆడవాళ్ళ దాకా అవి ఎలా రావాలి? మగ డాక్టరు గుమ్మంలోకి రాకూడదు. వచ్చినా తెర పక్కనుంచి చెయ్యి అందిస్తే నాడి చూడాలి. చనిపోవడానికైనా సిద్ధపడ్డారు గానీ పరపురుషుడి చెయ్యి తగలనివ్వలేదు. మద్రాసులో ఒక బారిస్టరుగారి భార్య మేరీ షార్లీబ్ ఈ అవస్థ కళ్ళారా చూసింది. పిల్లల తల్లి అయ్యుండి 1875లో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరింది. ఆవిడతో కలిపి నలుగురు స్త్రీలు. తరవాత లండన్ వెళ్ళి పెద్ద చదువు చదివి తిరిగి వచ్చాక, 1885లో ఘోషా స్త్రీలకోసం మద్రాసులో ఆస్పత్రి మొదలైంది. అప్పుడు కోస్తా జిల్లాలూ సీమా మద్రాసు రాజధాని కిందే ఉండేవి. విశాఖపట్నంలో విక్టోరియా ఆస్పత్రిని ఘోషాస్పత్రి అని జనం ఇప్పటికీ అంటుంటారు. ఆ పేరు అప్పటి అలవాటే.

గుంటూరుకి 1883లో అమెరికా నుంచి అన్నా శారా కుగ్లర్ అనే డాక్టరు వచ్చింది. మిషన్ వాళ్ళు మొదట ఆవిడకు వైద్యం పని అప్పగించలేదు. ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళకు వైద్యం చేసి చేసి, చివరికి 1898లో ఆస్పత్రి తెరిచింది. 1930లో గుంటూరులోనే కన్ను మూసింది. కుగ్లర్ ఆస్పత్రి ఇప్పటికీ ఆవిడ పేరుతోనే ఉంది. ఇక హైదరాబాదులో నీలోఫర్ ఆస్పత్రి కథ చాలామందికి తెలిసిందే. నిజాంగారి చిన్న కోడలు నీలోఫర్ దగ్గర పనిచేసే పరిచారిక కాన్పులో పోయిందనీ, ఆ దుఃఖంలోంచి ఆస్పత్రి పుట్టిందనీ చెబుతారు. అది 1953లో మొదలైంది. అంతఃపురానికే డాక్టర్లు అందుబాటులో ఉన్నా, అదే గోడల మధ్య పనిమనిషికి అందలేదన్న మాట.

ఇప్పుడు ఒక మాత్ర కథ చెబుతాను. కడుపుతో ఉన్న ప్రతి పిల్లకీ ఐరన్‌తో పాటు ఫోలిక్ యాసిడ్ మాత్ర ఇస్తారు. వికారమని మన పిల్లలు తలగడ కింద దాచేస్తుంటారే, అదే. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులకు రక్తం విరిగినట్టయి, పాలిపోయి, కాన్పు కాకముందే ప్రాణం మీదికి వచ్చేది. తిండిలోనే ఏదో లోటుందని ఆవిడ పట్టుకుంది. 1931లో, షార్లీబ్ మొదలుపెట్టించిన ఆ మద్రాసు ఘోషాస్పత్రిలో కూడా పని చేసింది. ఈస్టు పులుపు నుంచి తీసిన చవకబారు పదార్థం తినిపిస్తే ఆ తల్లులు తేరుకున్నారు. అందులో ఉన్నదేమిటో మాత్రం అప్పటికి అంతు చిక్కలేదు.

దాన్ని విడదీసి, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1945లో తయారు చేసి చూపించిన బృందానికి పెద్ద ఎవరనుకున్నారు? మన భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు! అన్నదమ్ములు సంగ్రహణి జబ్బుతో పోతే, ఆ పట్టుదలతో వైద్యం చదివారంటారు. ఆ జబ్బుకీ ఈ ఫోలిక్ ఆమ్లమే పని చేస్తుంది. 1948లో అక్కడే పోయారు, మళ్ళీ స్వదేశం చూడనే లేదు. మునగాకు, తోటకూర, పెసలు - వీటిల్లో ఉన్నదీ అదే. బాలింతకు తెలగపిండీ మునగాకూ వండిపెట్టే అత్తగార్లు ఆ కూర ఐదో నెలలోనే కోడలికి పెట్టి ఉంటే ఎంత బాగుండేది!

ఇన్ని చేతులు కలిస్తే మనం ఎక్కడికి వచ్చాం? 2018-20 లెక్కల్లో లక్ష కాన్పులకు తల్లుల మరణాలు ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. దేశం మొత్తం మీద 97. బాలింతలకూ పురిటిబిడ్డలకూ ధనుర్వాతం పీడ వదిలిందని మన దేశం 2015లో అనిపించుకుంది. నూటికి 96, 97 కాన్పులు ఆస్పత్రుల్లోనే అవుతున్నాయి. సంతోషమే. కానీ 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇంకో లెక్క కూడా ఉంది. తెలంగాణలో నూటికి 60కి పైగా, ఆంధ్రాలో 42 కాన్పులు కడుపు కోసి చేసినవే. దేశంలో సగటు 21. మన పిల్లలకు మాత్రమే ఎముకలు ఇరుకా? ముహూర్తం చూసి కోయించుకునేవాళ్ళున్నారు. నొప్పుల భయంతో అడిగేవాళ్ళున్నారు. ఓపిక లేక, లాభం చూసి కోసేవాళ్ళూ ఉన్నారు. అవసరానికి చేస్తే ఆ కత్తి ప్రాణదాతే. నేనూ కాదనను. అవసరం లేని కోత బాధ మాత్రం ఆ పిల్లే పడాలి.

భయం అన్నాను కదా. నా తొలి కాన్పు ఒక ఊళ్ళో ఆస్పత్రిలోనే అయింది. శుభ్రంగానే ఉంది, మందులకు లోటు లేదు. అమ్మని మాత్రం గుమ్మం బయటే ఆపేశారు. పధ్నాలుగు గంటలు నేను ఎవరి చెయ్యి పట్టుకోను? మంచం కమ్మీ పట్టుకున్నాను. మంత్రసాని చేతి మురికి వదిలించుకునే సందట్లో మనం ఆవిడ చేతి చలవని కూడా వదిలేసుకున్నామని నాకు అప్పుడే అనిపించింది.

ఇది తెలుసుకున్నవాళ్ళు ఇప్పుడు ఉన్నారు. తెలంగాణలో 2017 నుంచి నర్సులకు మంత్రసాని విద్యని పద్ధతిగా నేర్పడం మొదలుపెట్టారు. నొప్పులు పడే పిల్లని నడిపించడం, కూర్చోబెట్టడం, నిలబడి దేన్నయినా పట్టుకోమనడం అందులో భాగాలు. పాటలో కౌసల్య పట్టుకున్న తాడు మళ్ళీ వచ్చిందన్న మాట! 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ కూడా సర్కారు ఆస్పత్రుల్లో గర్భిణి పక్కన తోడుగా ఒక స్త్రీని ఉండనివ్వాలని చెప్పింది. ఆవిడ ఒకసారైనా పురుడు పోసుకున్న మనిషై ఉండాలి. అంటురోగాలు ఉండకూడదు, ఉతికిన బట్టలు కట్టుకోవాలి, మొదటి నుంచి చివరిదాకా పక్కనే ఉండాలి, సిబ్బంది పనికి అడ్డు రాకూడదు. కొన్నిచోట్ల రానిస్తున్నారు. కొన్నిచోట్ల గది ఇరుకంటున్నారు. పిల్లని పురిటికి తెచ్చుకున్న తల్లులు నొప్పులు వచ్చేదాకా ఆగకుండా, ఏడో నెలలో చూపించడానికి వెళ్ళినప్పుడే, లోపలికి నన్ను రానిస్తారా అమ్మా అని డాక్టరుగారిని అడిగి పెట్టుకోండి.