తల దురద, గోస్తని నీళ్ళు, మన కుంకుడుకాయలు



పోస్టు కొంచెం పొడుగు. తల దురద గురించి. నవ్వుకుంటే నవ్వుకోండి గానీ చివరిదాకా చదవండి.

పోయిన నెల ఒక ఆదివారం మా రూము వాళ్ళం ఆరుగురం పద్మనాభం వెళ్ళాం. కొండెక్కి అనంత పద్మనాభస్వామి గుడి చూసి, దిగి గోస్తని ఒడ్డుకి పోయాం. నిజం చెప్పాలంటే మేం వెళ్ళింది గుడి కోసం కాదు, ఏటి కోసం. రాత్రి నానబెట్టిన కుంకుడుకాయల రసం సీసాలో పోసి పట్టుకెళ్ళాం. మేముండే హాస్టల్లో నీళ్ళు పొద్దున ఒక్క అరగంట వదులుతారు. ఆ అరగంటలో బకెట్ దొరికితే ఒళ్ళు కడుక్కోవడానికే సరి. తలకి పది రోజులకోసారి వంతొస్తే గొప్ప. మొదటి నాలుగు రోజులు ఏమీ ఉండదు. అయిదో రోజు నుంచి మాడు చిమచిమలాడుతుంది. వారం దాటాక గోరు పెడితే గోరు నిండా తెల్లటి మడ్డి. క్లాసులో మాలో ఒకరు గోక్కుంటుంటే పక్క అమ్మాయి కొంచెం జరిగి కూర్చుని, "మీ ఏజెన్సీ వాళ్ళు తలస్నానం చెయ్యరా?" అంది. తిట్టాలని అనలేదు, తెలియక అడిగింది. అదే ఎక్కువ గుచ్చుకుంది. ఆ రోజు మాకు జవాబు రాలేదు. ఏటి ఒడ్డున జుట్టు ఆరబెట్టుకుంటూ మాట్లాడుకున్నదీ, తర్వాత లైబ్రరీలో చదువుకున్నదీ కలిపి ఇప్పుడు రాస్తున్నాం.

ముందు నీళ్ళ సంగతి. గోస్తని పుట్టేది అనంతగిరి కొండల్లో, బొర్రా గుహల దగ్గర. అక్కడి నుంచి దిగి, తాటిపూడి రిజర్వాయరులో ఆగి, పద్మనాభం మీదుగా పోయి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. తాటిపూడి ఆనకట్ట 1960లలో కట్టారు. ఆ నీళ్ళు పొలాలకీ పోతాయి, విశాఖపట్నం కుళాయిలకీ పోతాయి. పద్మనాభం పేరు చెప్తే అందరికీ గుర్తొచ్చేది 1794 జూలై 10 నాటి యుద్ధం. విజయనగరం రాజు చిన విజయరామరాజు కుంపిణీ సైన్యంతో పోరాడి ఇక్కడే చనిపోయాడు. ఆయన కొడుకు నారాయణబాబు తర్వాత కొండల వైపే వచ్చి తలదాచుకున్నాడు. రాజుల కథలో మన కొండలు వచ్చేది అంతవరకే. కొండ నుంచి కిందికి దిగిన నీళ్ళూ, కాయలూ ఏ పాఠంలోనూ మాకు కనబడలేదు.

కాయల సంగతి ఇంకా పెద్దది. కుంకుడు చెట్టుకి శాస్త్రంలో సాపిండస్ అని పేరు, అంటే ఇండియా సబ్బు అని. కాయ తొక్కలో సాపోనిన్లు అనే పదార్థాలుంటాయి, నురగ వాటిదే. శీకాయ ముళ్ళ తీగ, కోసిన చేతుల మీద గీతలు చూస్తే తెలుస్తుంది. కుంకుడు మైదానంలో పెరట్లోనూ పెరుగుతుంది, అది మనదొక్కరిదే అనడం లేదు. కానీ మా ఇళ్ళల్లో అమ్మమ్మలు చలి తగ్గాక అడవికి పోయి శీకాయ కోసి, ఎండబెట్టి, నెత్తిన పెట్టుకుని సంతకి నడిచేవాళ్ళు. ఉప్పూ, ఎండు చేపలూ తీసుకుని తిరిగొచ్చేవాళ్ళు. మైదానంలో శుక్రవారం తలంటు, పండగ తలంటు అని ఎంతమంది పోసుకున్నారో. అందులో మన కొండ కాయ ఎంతుందో ఎవరు లెక్క పెట్టారు?

ఆ కాయ ఎవరిదన్నది కూడా ఒక చరిత్రే. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక రిజర్వు అడవిలో ఏరుకునే ప్రతిదానికీ పైనుంచి అనుమతి కావాల్సొచ్చింది. 1922లో అల్లూరి సీతారామరాజు వెనక మనవాళ్ళు నడవడానికి ఉన్న కారణాల్లో ఈ అడవి ఆంక్షలు కూడా ఉన్నాయి. తర్వాత సావుకార్ల తూకాల నుంచి కాపాడాలని 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు, మనం జీసీసీ అంటాం కదా, అదే. దాని ప్రధాన కార్యాలయం విశాఖలోనే ఉంది. 1979 రెగ్యులేషన్ వల్ల షెడ్యూల్డ్ ప్రాంతంలో చిన్న తరహా అటవీ ఉత్పత్తులు కొనే హక్కు ఆ సంస్థదే అయింది. ఏరుకున్న ఫలం మీద హక్కు మనదేనని చట్టంలో రాసింది మాత్రం 2006లో, అటవీ హక్కుల చట్టంతో. 1882 నుంచి 2006 దాకా లెక్కేసుకోండి. నూట ఇరవై నాలుగేళ్ళు.

ఇప్పుడు 'తలస్నానం చెయ్యరా' అన్న మాట. రోజూ షాంపూ అనేది చాలా కొత్త అలవాటు. 1908లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక తల రెండు వారాలకోసారి కడుక్కోవచ్చనీ, జుట్టు బాగుంటే నెల, నెలన్నరకోసారి చాలనీ ఆడవాళ్ళకి సలహా ఇచ్చింది. ఆ లెక్కన మేం చాలా శుభ్రం! షాంపూ అన్న మాట కూడా వాళ్ళది కాదు. హిందీ 'చాంపో' నుంచి పోయింది, నొక్కు, మర్దన చెయ్యి అని. పాట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ ఇంగ్లండులోని బ్రైటన్‌లో మర్దన స్నానాల దుకాణం పెట్టి ఆ మాటకి అక్కడ పేరు తెచ్చాడు. అది తల కడగడం అనే అర్థంలోకి మారి, సీసాలో కెక్కి, మళ్ళీ మన దగ్గరికే వచ్చింది. ఊరి కొట్లో పాకెట్ల దండలు వేలాడటం అయితే మొన్నమొన్నటిది. 1983లో కడలూరులో చిన్న కంపెనీగా మొదలైన చిక్ లాంటివి చిల్లర డబ్బులకే పాకెట్ అమ్మాక సంతల్లోకి కూడా వచ్చేశాయి. అమ్మమ్మ కాయలు అమ్మి పాకెట్లు కొనుక్కొచ్చిన రోజులు మాకు గుర్తే.

మరి దురద ఎందుకు? ఇది కులానిదీ కాదు, ఏజెన్సీదీ కాదు. 1874లో మలాసే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త చుండ్రు పొట్టులో ఒక సూక్ష్మజీవిని చూశాడు. ఆయన పేరుమీదే దాన్ని మలాసీజియా అంటారు. అది దాదాపు అందరి నెత్తి మీదా ఉండే శిలీంధ్రం, కలెక్టరు గారి నెత్తి మీద కూడా. మాడు నుంచి ఊరే జిడ్డే దాని తిండి. అది తిని వదిలిన ఆమ్లాలు కొందరికి పడవు, అప్పుడు చర్మం మండి పొట్టు రాలుతుంది. కడగడం తగ్గితే జిడ్డు పేరుకుంటుంది, అది పెరుగుతుంది. అంటార్కిటికాలో పనిచేసిన బృందానికి తలస్నానాలు తగ్గినప్పుడు దురదా, పొట్టూ పెరిగాయనీ, ఈ శిలీంధ్రం ఎన్నో రెట్లయిందనీ 2021లో ఒక పరిశోధన వ్యాసం వచ్చింది. రాసినవాళ్ళలో షాంపూ కంపెనీ వాళ్ళున్నారు, అది మనసులో పెట్టుకునే చదివాం. అయినా మా అనుభవానికి సరిపోయింది. అంటే పెద్ద చదువులవాళ్ళకైనా నీళ్ళు లేకపోతే తల దురదే.

మేం చేసిన తప్పులు కూడా చెప్పాలి. దురద ఆగుతుందని నూనె దిట్టంగా రాశాం. రాసిన పూట హాయిగా ఉండేది, మర్నాటికి మడ్డి ఇంకా గట్టిపడేది. షాంపూ లేనప్పుడు ఒంటి సబ్బు రుద్దాం. బోరు ఉప్పు నీళ్ళకి సబ్బు విరిగి తెల్లటి తెట్టు కడుతుంది, అది జుట్టుకి పట్టేస్తుంది. కుంకుడు రసం అలా విరగదు. కళ్ళు మాత్రం మండుతాయి, తల వెనక్కి వంచి పోసుకోండి. ఇప్పుడు ఇద్దరం కలిసి ఒక బకెట్ దాచుకుని అయిదు రోజులకోసారి కడుక్కుంటున్నాం. గోళ్ళు కాదు, వేళ్ళ కొసలతో మాడు రుద్ది, జారుడు పోయేదాకా నీళ్ళు పోస్తాం. నూనె ముందు రోజు కాదు, కడిగే గంట ముందే. దువ్వెనలు కూడా ఉతుక్కుంటున్నాం. దానికీ తగ్గని ఇద్దరికి ఆస్పత్రిలో కీటోకొనజోల్ షాంపూ రాశారు. వారానికి రెండుసార్లు, అయిదు నిమిషాలు ఉంచి కడగాలి. వాళ్ళకి నెలలోపే నయమైంది. జుట్టు గుండ్రంగా ఊడినా, చీము కారినా మాత్రం ఇంట్లో చూసుకోవద్దు, అది వేరే జబ్బు.

ఒకటి రాయకుండా ఉండలేకపోతున్నాం. చిన్నప్పుడు మాలో కొందరం చదివిన చోట పేలున్నాయని వరసగా కూచోబెట్టి జుట్టు కత్తిరించేశారు. మందు పెట్టలేదు, నీళ్ళు పెంచలేదు, కత్తెర పెట్టారు. తర్వాత ఇక్కడ చదువుకుంటుంటే జిత్కాలా షా గురించి తెలిసింది. అమెరికాలో యాంక్టన్ డకోటా తెగ పిల్ల. 1884లో ఎనిమిదేళ్ళప్పుడు దూరపు బోర్డింగ్ బడికి తీసుకుపోయారు. జడలు కత్తిరిస్తారని తెలిసి మంచం కింద దాక్కుంది. లాక్కొచ్చి కుర్చీకి కట్టి కత్తిరించారు. వాళ్ళ తెగలో చావు దుఃఖంలో ఉన్నవాళ్ళకీ, పిరికివాళ్ళకే పొట్టి జుట్టు. 1900లో ఆమె ఇదంతా రాసింది. మా రూములో అది పైకి చదువుతుంటే ఒకామె లేచి బయటికి పోయింది.

శనివారం పూట ట్యాంకు ఇంకో గంట ఎక్కువ వదలమని కాయితం రాసి, సంతకాలు పెట్టి ఇచ్చాం. జవాబు ఇంకా రాలేదు. మీ హాస్టల్లో తలకి నీళ్ళు ఎన్ని రోజులకోసారి దొరుకుతున్నాయో కింద రాయండి. ఊరెళ్ళి వచ్చేవాళ్ళెవరైనా ఉంటే రెండు కేజీల కుంకుడుకాయలు తెండి, డబ్బులిస్తాం.